ఈస్ట్ బెంగాల్ @ 100: జట్టులో చోటివ్వలేదన్న కోపంతో పుట్టిన క్లబ్.. వందేళ్ల పండగ రోజున మళ్లీ గేటు బయటే!

1920లో ఓ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక ఆటగాణ్ని పక్కనపెట్టారు. దాని మీద గొడవైంది. ఆ గొడవలోంచి ఒక క్లబ్ పుట్టింది. అదే కోల్‌కతాకి చెందిన ఈస్ట్ బెంగాల్. 1920 ఆగస్టు 1న మొదలైన ఈ క్లబ్‌కి 2020 ఆగస్టు 1తో వందేళ్లు నిండాయి. మామూలుగా అయితే కోల్‌కతా వీధులన్నీ ఎరుపు, పసుపు జెండాలతో నిండిపోవాల్సిన రోజది. కానీ కరోనా వల్ల ఆ రోజు ఊరేగింపులు జరగలేదు, జనం గుంపులు కట్టలేదు. అదొక్కటే అయితే అభిమానులు సర్దుకునేవారే. అసలు బాధ వేరే ఉండేది. వందేళ్లు నిండిన ఈ క్లబ్‌కి అప్పటికి చేతిలో ఇన్వెస్టర్ లేడు. దేశంలో నంబర్ వన్ లీగ్‌లో అప్పటికి చోటు లేదు. పక్కింటి పాత ప్రత్యర్థి మోహన్ బగాన్ మాత్రం ఆ లీగ్‌లోకి వెళ్లిపోయింది.

ఇంతకీ ఏంటీ క్లబ్? ఒక సిటీ టీమ్ కోసం అంతమంది ఎందుకంత ఉద్వేగపడతారు? 2020లో ఎందుకంత టెన్షన్? మధ్యలో మన హైదరాబాద్‌కి దీంతో సంబంధమేంటి? కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం.

అసలేం జరిగిందంటే..

1920 జులై 28. అప్పటి కలకత్తాలో కూచ్‌బెహార్ కప్ మ్యాచ్. ఒకవైపు జోడాబాగన్ క్లబ్, మరోవైపు మోహన్ బగాన్. జోడాబాగన్ జట్టు నుంచి శైలేష్ బోస్ అనే ఆటగాణ్ని తీసేశారు. ఎందుకు తీసేశారో సరైన కారణం చెప్పలేదు. ఆ క్లబ్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి గట్టిగా అడిగారు. బోస్‌ని ఆడించాల్సిందే అన్నారు. వాళ్లు వినలేదు. దాంతో ఆయన పదవి వదిలేసి బయటికొచ్చేశారు.

బయటికొచ్చి ఊరుకోలేదు. నాలుగు రోజుల్లో కొత్త క్లబ్ పెట్టేశారు. ఆయనతో పాటు రాజా మన్మథనాథ్ చౌధురి, రమేశ్ చంద్ర సేన్, అరవింద ఘోష్, శైలేష్ బోస్ చేతులు కలిపారు. వీళ్ల మూలాలు తూర్పు బెంగాల్‌లో ఉన్నాయి. అంటే ఇప్పటి బంగ్లాదేశ్ అన్నమాట. తూర్పు నుంచి వచ్చినవాళ్లన్న చిన్నచూపుతోనే తమవాణ్ని పక్కనపెట్టారన్నది వాళ్ల నమ్మకం. అందుకే పేరులోనే ఊరు పెట్టుకున్నారు. ఈస్ట్ బెంగాల్!

మరి ఎరుపు, పసుపు రంగులు ఎలా వచ్చాయి? దీనికి క్లబ్‌లో ఓ కథ చెప్పుకుంటారు. జెర్సీల కోసం వెతుకుతూ వెళ్తే, చౌరంగీలోని వైట్‌అవే లెయిడ్‌లా అనే పెద్ద షాపులో ఎరుపు-బంగారు రంగు చొక్కాలు కనిపించాయట. చూడగానే నచ్చేశాయి, తెచ్చేసుకున్నారు. అంతే. వందేళ్లయినా రంగు మారలేదు.

ఇద్దరికి మించి భారతీయులొద్దన్నారు!

ఇక్కడొక విషయం తెలుసుకోవాలి. అప్పటి కలకత్తా లీగ్ పూర్తిగా తెల్లవాళ్ల చెప్పుచేతల్లో ఉండేది. ఫస్ట్ డివిజన్‌లో భారతీయ జట్లు రెండుకి మించి ఉండకూడదని ఓ రూల్. ఆ రెండు సీట్లలో మోహన్ బగాన్, ఆర్యన్ క్లబ్‌లు అప్పటికే కూర్చున్నాయి. 1924లో ఈస్ట్ బెంగాల్ సెకండ్ డివిజన్‌లో టాప్‌కి చేరింది. ఆట ప్రకారం పైకి వెళ్లాలి. రూల్ ప్రకారం వెళ్లకూడదు.

విచిత్రం ఏంటంటే.. రూల్ తీసేద్దామా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడు అడ్డుపడింది బ్రిటిష్ క్లబ్‌లు కాదు. ఎక్కువ బ్రిటిష్ జట్లు సరేనన్నాయి. వద్దన్నవి మన రెండు క్లబ్‌లే! చివరికి రూల్ పోయింది. 1925లో ఈస్ట్ బెంగాల్ ఫస్ట్ డివిజన్‌లో అడుగుపెట్టింది. ఆ ఏడాది మే 28న లీగ్‌లో మోహన్ బగాన్‌తో తొలిసారి తలపడింది. నేపాల్ చక్రవర్తి కొట్టిన ఒక్క గోల్‌తో గెలిచింది కూడా. ఇప్పుడు 'కోల్‌కతా డెర్బీ' అని మనం వినేది ఆ రోజు మొదలైందే.

అయితే ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. కొన్నేళ్లకే మళ్లీ కింది డివిజన్‌కి పడిపోయింది. 1930లో సెకండ్ డివిజన్‌లో ముందంజలో ఉంది, ఇంకేం పైకొచ్చేస్తుందనుకుంటుండగా స్వాతంత్ర్య పోరాటం వేడికి లీగ్ మధ్యలో ఆగిపోయింది. ఆ ఏడు ప్రమోషన్లు లేవని తేల్చేశారు. అభిమానులకి మండిపోయింది. కాగడాలు వెలిగించి చేతబట్టుకుని మైదాన్‌లోని క్లబ్ గ్రౌండ్‌కి ఊరేగింపుగా కదిలారు. ఈస్ట్ బెంగాల్ లోగోలో ఇవాళ్టికీ మండుతూ కనిపించే కాగడా ఆ నిరసనదే. అక్కడివాళ్లు దాన్ని 'మశాల్' అంటారు. కప్పు గెలిచినందుకు కాదు, పైకి రానివ్వనందుకు పుట్టిన గుర్తు అది. 2020 నాటి పరిస్థితి చూస్తే అభిమానులకి 1930 గుర్తు రావడంలో ఆశ్చర్యమేం లేదు.

ఇల్లు పోయినవాళ్లకి ఇదే ఇల్లు

ఇక్కడిదాకా ఇది ఓ క్లబ్ కథ. 1947తో ఇది లక్షల కుటుంబాల కథ అయిపోయింది.

దేశ విభజన జరిగింది. తూర్పు బెంగాల్ పాకిస్తాన్‌లోకి వెళ్లింది. ఇల్లూవాకిలీ, పొలం, చెరువు, అన్నీ అక్కడే వదిలేసి కాందిశీకులు కలకత్తాకి వచ్చిపడ్డారు. సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాల మీదే కాపురాలు పెట్టారు. తర్వాత నగరానికి దక్షిణాన జాదవ్‌పూర్, బిజయ్‌గఢ్ లాంటి చోట్ల ఖాళీ స్థలాల్లో గుడిసెలు వేసుకుని కాలనీలు కట్టుకున్నారు. 1971 బంగ్లాదేశ్ యుద్ధం టైంలో ఇంకో వలస.

కొత్త ఊళ్లో వీళ్ల యాస వేరు. వంట వేరు. స్థానికులు వీళ్లని 'బాంగాల్' అని ఎగతాళి చేసేవారు. వీళ్లు తిరిగి వాళ్లని 'ఘోటీ' అనేవారు. ఉద్యోగం లేదు, ఆస్తి లేదు, పుట్టిన ఊరు ఇప్పుడు వేరే దేశం. అలాంటి మనిషికి శనివారం సాయంత్రం మైదాన్‌లో తన ఊరి పేరు పెట్టుకున్న జట్టు గెలిస్తే ఎలా ఉంటుంది? మ్యాపులో లేకుండా పోయిన 'ఈస్ట్ బెంగాల్' అన్న మాట ఒక జెర్సీ మీద మాత్రం బతికే ఉంది. క్లబ్‌కి ఉన్న బలం ఇదే. డబ్బు లెక్కలు వేసే కంపెనీలకి ఇది అంత తేలిగ్గా అర్థం కాదు.

ఈ గొడవ వంటింటిదాకా వెళ్లింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇళ్లలో ఇలిష్ చేప వండాలి. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. డెర్బీ మర్నాడు ఏ టీమ్ గెలిచిందో చేపల మార్కెట్‌లో రేటు అడిగితే చాలు, తెలిసిపోతుందని కోల్‌కతాలో జోక్. ఇలిష్ అంటే మనకి కొత్తదేం కాదండోయ్. గోదావరికి ఎదురీదే మన పులస, అక్కడి ఇలిష్ ఒకే జాతి. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి జిల్లాల వాళ్లకి ఈ పిచ్చి గురించి వేరే చెప్పక్కర్లేదు.

పంచ పాండవుల నుంచి 5-0 దాకా

సరిగ్గా ఆ విభజన రోజుల్లోనే క్లబ్‌కి బంగారు కాలం మొదలైంది. తొలి కలకత్తా లీగ్ టైటిల్ 1942లోనే వచ్చింది. 1943లో ఐఎఫ్ఏ షీల్డ్ దక్కింది. కానీ అసలు సందడి 1949లో. క్లబ్ కార్యదర్శి జ్యోతిష్ గుహ దేశమంతా గాలించి కూర్చిన ఫార్వర్డ్ లైన్ ఒకటుంది. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. వీళ్లకి జనం పెట్టుకున్న పేరు 'పంచ పాండవులు'. ఐదుగురిలో ఒక్కరూ బెంగాలీ కాదు! తూర్పు బెంగాల్ వాళ్ల ఆత్మగౌరవాన్ని మోసింది దక్షిణాది కుర్రాళ్లు. 1949లో కలకత్తా లీగ్, ఐఎఫ్ఏ షీల్డ్, బొంబాయిలో రోవర్స్ కప్.. మూడూ ఒకే ఏడాది కొట్టేశారు. షీల్డ్ అయితే 1949, 50, 51.. వరసగా మూడేళ్లు.

ఆ తర్వాత చెప్పుకోవాల్సింది డెబ్బైల దశకం. 1970 నుంచి 1975 దాకా వరసగా ఆరుసార్లు కలకత్తా లీగ్ ఛాంపియన్. 1970 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఇరాన్ జట్టు పాస్ టెహ్రాన్‌ని 1-0తో ఓడించారు. చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన పరిమళ్ డే గోల్ కొట్టారు. 1972లో కోచ్‌గా పీకే బెనర్జీ వచ్చారు. ఆ ఏడాది లీగ్ మొత్తంలో ఈస్ట్ బెంగాల్ ఒక్క గోల్ కూడా ఇచ్చుకోలేదు. ఆటకి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో పీకే మాటలతో కుర్రాళ్లని రెచ్చగొట్టేవారు. దానికి 'వోకల్ టానిక్' అని పేరొచ్చింది.

ఇక 1975 సెప్టెంబర్ 30. షీల్డ్ ఫైనల్. ఎదురుగా మోహన్ బగాన్. స్కోరు 5-0. శ్యామ్ థాపా రెండు గోల్స్ కొట్టారు. ఇప్పటికీ కోల్‌కతాలో ఏ ఈస్ట్ బెంగాల్ అభిమానినైనా కదిపితే మొదట వచ్చే నంబర్ ఇదే. ఓడినవాళ్లు ఆ రాత్రి దాన్ని ఆటలా తీసుకోలేకపోయారు. ఒక మోహన్ బగాన్ అభిమాని ప్రాణమే తీసుకున్నాడు. ఈ పోటీలో అంత మోజూ ఉంది, అంత చీకటీ ఉంది.

ఆ చీకటి 1980లో ఇంకా దారుణంగా బయటపడింది. ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్. గ్యాలరీలో గొడవ, తొక్కిసలాట. 16 మంది అభిమానులు చనిపోయారు. ఆటకెళ్లి తిరిగి రాని ఆ కొడుకుల కోసం బెంగాల్‌లో ఏటా అదే రోజున రక్తదాన శిబిరాలు పెడతారు.

మన హైదరాబాద్ లింకు ఇదీ..

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఈస్ట్ బెంగాల్ వందేళ్ల చరిత్రలోంచి హైదరాబాద్‌ని తీసేస్తే పెద్ద గుంతే పడుతుంది.

ఒకప్పుడు ఇండియన్ ఫుట్‌బాల్‌కి హైదరాబాద్ అంటే గనిలాంటిది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అక్కడ తయారైన కుర్రాళ్లని కలకత్తా క్లబ్‌లు కళ్లలో వత్తులేసుకుని వెతికేవి.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లారు. 1961లో కెప్టెన్. ఆ ఏడాది కలకత్తా లీగ్ గెలిపించారు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం.. ఈ ముగ్గురూ ఇండియా ఎటాక్‌కి మూడు కాళ్లు. విషాదం ఏంటంటే మిగిలిన ఇద్దరూ 2020లోనే వెళ్లిపోయారు. పీకే మార్చి 20న, చునీ ఏప్రిల్ 30న. వందేళ్ల కేక్ కట్ చేయాల్సిన చేతుల్లో పీకేది ముందుండాల్సింది. బలరాం 2020లో కోల్‌కతా దగ్గరే ఉత్తర్‌పాడాలో ఉండేవారు. ఆటకోసం వెళ్లిన మనిషి అక్కడే ఉండిపోయారు.

1966లో హైదరాబాద్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ఒకరు డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. ఇంకొకరు పదిహేడేళ్ల మహమ్మద్ హబీబ్. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియా కాంస్యం గెలిచినప్పుడు నయీం కెప్టెన్, హబీబ్ ముఖ్య ఆటగాడు. ఫుట్‌బాల్‌లో ఏషియన్ గేమ్స్ పతకం మనకి అదే చివరిది.

హబీబ్ గురించి కోల్‌కతాలో చెప్పుకునేంతగా హైదరాబాద్‌లో చెప్పుకోరన్నది నిజం. అక్కడ ఆయన 'బడే మియా'. ఎత్తు తక్కువ, ఒళ్లు సన్నం, కానీ గ్రౌండ్‌లోకి దిగితే ఎదుటివాడి కాళ్లలోంచి బంతి లాక్కునేదాకా వదిలేవారు కాదు. అప్పట్లో ఆటగాళ్లంతా బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం చూసుకుని, సాయంత్రం బంతి ఆడేవారు. హబీబ్ ఉద్యోగం వద్దన్నారు. ఆటే తన పని అన్నారు. అందుకే ఆయన్ని ఇండియాలో తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టింది కూడా ఈయనే. మ్యాచ్ 2-2 డ్రా. అవును, మోహన్ బగాన్‌కీ ఆడారు. అక్కడ క్లబ్ మారడం మామూలే. ట్రాన్స్‌ఫర్ల సీజన్‌లో ఆటగాణ్ని ప్రత్యర్థి ఎత్తుకుపోకుండా రహస్యంగా దాచిపెట్టిన కథలు మైదాన్‌లో ఎన్నో.

1980లో ఈస్ట్ బెంగాల్ నుంచి ముఖ్యమైన ఆటగాళ్లు మూకుమ్మడిగా వెళ్లిపోయారు. జట్టు ఖాళీ. అప్పుడు తిరిగొచ్చిన పాతవాళ్లలో హబీబ్ ఒకరు. ఆయన పక్కన ఇరాన్ నుంచి వచ్చిన మాజిద్ బిష్కర్. అలీగఢ్ యూనివర్సిటీలో చదువుకోవడానికొచ్చి కలకత్తా గుండెల్ని దోచేసిన ఆటగాడు. పదేళ్ల తర్వాత, 1990లో ఒకే సీజన్‌లో షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ గెలిచినప్పుడు కోచ్ కుర్చీలో ఉన్నది మళ్లీ మన నయీముద్దీనే.

మరి అప్పట్లో కలకత్తా జట్లకి చుక్కలు చూపించిన హైదరాబాద్ సిటీ పోలీస్ సంగతేంటి? ఆ పేరు ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది? ట్రోఫీలు గెలిచినంత మాత్రాన క్లబ్ బతకదు. తరం తర్వాత తరం టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్లుండాలి. ఈస్ట్ బెంగాల్‌కి ఉన్నది అదే.

లక్షా 31 వేల మంది!

కొత్త తరానికి గుర్తున్న రెండు రాత్రులున్నాయి. మొదటిది 1997 జులై 13. సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీస్. మ్యాచ్ చూడ్డానికి వచ్చింది అక్షరాలా 1,31,781 మంది. ఇండియాలో ఏ ఆటకీ ఇంత జనం రావడం అరుదు. ఆ రోజు బైచుంగ్ భూటియా హ్యాట్రిక్. ఈస్ట్ బెంగాల్ 4, మోహన్ బగాన్ 1.

రెండోది 2003 జులై. జకార్తాలో ఆసియాన్ క్లబ్ ఛాంపియన్‌షిప్. మొదటి మ్యాచ్‌లో థాయ్‌లాండ్ జట్టు బీఈసీ టెరో సాసనా చేతిలో ఓడిపోయారు. ఫైనల్లో మళ్లీ అదే జట్టు ఎదురైంది. ఈసారి 3-1తో కొట్టి కప్పు పట్టుకొచ్చారు. కోచ్ సుభాష్ భౌమిక్. ఒక ఇండియన్ క్లబ్ విదేశీ గడ్డ మీద ఇలాంటి టోర్నీ గెలవడం చాలా పెద్ద విషయం.

జాతీయ లీగ్ కూడా 2000-01, 2002-03, 2003-04.. మూడుసార్లు గెలిచారు. అక్కడితో ఆగిపోయింది. 2007లో ఐ-లీగ్ మొదలయ్యాక ఒక్కసారి కూడా ఛాంపియన్ కాలేదు. 2018-19లో ఒకే ఒక్క పాయింట్ తేడాతో చెన్నై సిటీ ఎగరేసుకుపోయింది. కలకత్తా లీగ్ మాత్రం 2010 నుంచి 2017 దాకా వరసగా ఎనిమిదిసార్లు గెలిచారు. 2020 నాటికి ఇంట్లో సింహం, బయట పరిస్థితి అంతంతమాత్రం. అభిమానులు ఒప్పుకోకపోయినా లెక్కలు చెప్పేది ఇదే.

2019లో పండగ.. 2020లో గుబులు

వందో ఏట అడుగుపెట్టిన సందర్భాన్ని క్లబ్ 2019లోనే ఘనంగా మొదలుపెట్టింది. జులై చివర్లో వ్యవస్థాపకుల పాత పేట నుంచి మైదాన్‌లోని క్లబ్ టెంట్ దాకా భారీ ఊరేగింపు తీశారు. ఆగస్టు 1న కపిల్ దేవ్‌కి 'భారత్ గౌరవ్' సత్కారం చేశారు. క్రికెటర్‌కి ఇక్కడేం పని అంటారా? 1992లో కపిల్ ఓ ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకుని మోహన్ బగాన్ మీద ఆడారు మరి! అదే ఆగస్టులో మాజిద్ బిష్కర్ ఇరాన్ నుంచి వచ్చారు. ఆట మానేసి, ఇరాన్‌లో ఎవరికీ కనిపించకుండా బతుకుతున్న మనిషి. దశాబ్దాల తర్వాత కోల్‌కతాలో దిగితే, అర్ధరాత్రి దాటాక ఎయిర్‌పోర్ట్ బయట జనం. వాళ్లలో చాలామంది ఆయన ఆట చూడని వయసువాళ్లే. నాన్న చెబితే విన్నవాళ్లు.

ఆ తర్వాతే సీన్ మారింది. 2020 జనవరి 19న ఐ-లీగ్ డెర్బీలో మోహన్ బగాన్ చేతిలో 2-1తో ఓటమి. మార్చిలో నాలుగు రౌండ్లు మిగిలుండగానే మోహన్ బగాన్ టైటిల్ ఖాయం చేసుకుంది. అంతలో కరోనా. తిరుగు డెర్బీ జరగనే లేదు. అంటే శతాబ్ది సీజన్‌లో లెక్క సరిచేసే ఛాన్స్ కూడా దక్కలేదు.

ఇంతకీ 2020లో సమస్యేంటి?

సింపుల్‌గా చెప్పాలంటే.. ఇండియాలో ఇప్పుడు టాప్ లీగ్ ఇండియన్ సూపర్ లీగ్, ఐఎస్ఎల్. 2014లో మొదలైనప్పుడు ఇది కంపెనీలు, సెలబ్రిటీలు కొనుక్కునే ఫ్రాంచైజీల లీగ్. పాత క్లబ్‌లు ఐ-లీగ్‌లో ఉండేవి. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఐఎస్ఎల్‌నే దేశంలో నంబర్ వన్ లీగ్‌గా ఒప్పుకుంది. దాంతో ఐ-లీగ్ రెండో మెట్టు అయిపోయింది. 2020లో ఇందులో గెలిచినా ఐఎస్ఎల్‌లోకి నేరుగా వెళ్లే వీలుండేది కాదు. వెళ్లాలంటే ఫ్రాంచైజీ ఫీజు కోట్లలో కట్టాల్సి వచ్చేది. విదేశీ ఆటగాళ్లు, కోచ్‌లు, ట్రావెల్.. ఖర్చు వేరు. సభ్యుల చందాలు, టికెట్ల డబ్బులతో నడిచే మైదాన్ క్లబ్‌కి అది అయ్యే పని కాదు.

ఇంకో చిక్కుంది. కోల్‌కతా మైదాన్ స్థలం ఆర్మీది. అక్కడ క్లబ్‌లది అద్దె ఇంటి బతుకు లాంటిదే. అందుకే వాటి ఆఫీసుల్ని ఇప్పటికీ 'టెంట్' అంటారు. ఒకప్పుడు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఒకే గ్రౌండ్‌ని పంచుకునేవి! సొంత స్టేడియం ఆస్తిగా చూపించి డబ్బు తెచ్చుకుందామంటే కుదరదు. క్లబ్ దగ్గర అమ్మడానికి ఉన్నది ఒక్కటే.. పేరు.

మోహన్ బగాన్ ఆ దారే పట్టింది. ఐఎస్ఎల్‌లో ఉన్న ఏటీకే యజమానులకి ఫుట్‌బాల్ విభాగంలో 80 శాతం వాటా ఇచ్చింది. 2020 జులై 10న కొత్త పేరు ఖరారైంది. ఏటీకే మోహన్ బగాన్. ఆకుపచ్చ-మెరూన్ రంగులు ఉంచారు. అయినా పేరు ముందు ఆ మూడక్షరాలేంటని ఆ క్లబ్ అభిమానుల్లోనే చాలామంది మండిపడ్డారు.

ఈస్ట్ బెంగాల్ 2018లోనే బెంగళూరుకి చెందిన క్వెస్ కార్ప్‌కి 70 శాతం ఇచ్చి చూసింది. కాపురం పొసగలేదు. పాత క్లబ్ పెద్దలకీ, కొత్త కంపెనీకీ ఎవరి మాట చెల్లాలన్న దగ్గర మొదలైంది. రెండేళ్లు తిరక్కుండానే, 2020 మే 31తో తెగిపోయింది. ఇందులో తప్పు ఒకవైపే అనలేం. జీతాలిచ్చేవాడు నిర్ణయాలూ తనవే అంటాడు. 'మా తాత కాందిశీకుడిగా వచ్చి ఈ క్లబ్‌లో సభ్యత్వం తీసుకున్నాడు' అనే మనిషి, నువ్వెవరు మాకు చెప్పడానికి అంటాడు. ఈ రెండు మాటల మధ్య ఒప్పందం రాయగలిగిన లాయర్ అప్పటికి దొరకలేదు.

అందుకే ఆ రోజు అభిమానుల్లో రెండు భయాలు. ఒకటి, ఇన్వెస్టర్ దొరక్కపోతే ఐఎస్ఎల్ గేటు మూసుకుపోతుందని. రెండోది, దొరికితే మోహన్ బగాన్‌కి జరిగినట్టే పేరు ముందో వెనకో ఏదో కంపెనీ పేరు వచ్చి చేరుతుందని. ఊరు పోయాక మిగిలింది పేరొక్కటే అయినప్పుడు, దాని పక్కన ఇంకో మాట పెట్టడానికి ఒప్పుకోవడం కష్టమే.

మరోవైపు ఆటపరంగా ఆలస్యమయ్యే కొద్దీ నష్టం పెరుగుతూ వచ్చింది. ఏ లీగ్ ఆడతారో చెప్పలేని క్లబ్‌లో మంచి ఆటగాడు సంతకం పెట్టడు. ఐఎస్ఎల్ జట్లు అప్పటికే కుర్రాళ్లని వరసగా బుక్ చేసుకుంటూ వచ్చాయి.

డెర్బీ సంగతీ అంతే. 1925 మే 28న మొదలైన ఈ పోరు, ఈస్ట్ బెంగాల్ ఐ-లీగ్‌లోనే ఉండిపోతే జాతీయ లీగ్‌లో కనిపించకుండా పోయేది. ఒకరు పై మెట్టు మీద, ఇంకొకరు కింది మెట్టు మీద. ఇక మిగిలేది కలకత్తా లీగ్. దానికి కరోనా వల్ల 2020 ఆగస్టు 1 నాటికి తేదీలే లేవు.